బ్రంచ్ సరే, ఆదివారం ఎవరిది?

ఆదివారం పొద్దున పదకొండు దాటాక తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో పోతుంటే ఊరు రెండుగా కనబడుతుంది. ఒకపక్క కొండకు పోయే కార్లు, కొండ దిగి వస్తున్న గుండ్లు. ఇంకోపక్క కొత్త రెస్టారెంట్ల ముందర స్కూటీలు ఆపుతున్న పాతికేళ్ల పిల్లలు. శుక్రవారం రాత్రి బెంగళూరులో బస్సెక్కి వచ్చినోళ్లు, ఏర్పేడు దగ్గరుండే ఐఐటీ, ఐసర్‌ల నుంచి వచ్చినోళ్లు, యూనివర్సిటీ హాస్టళ్లలో ఉండేవాళ్లు. లోపల మొక్కల గోడ, పసుపు దీపాలు, చెవికి తగలని సంగీతం. మెనూలో ఒక పేజీ మొత్తం వీకెండ్ బ్రంచ్‌ది. అవకాడో టోస్టు కింద వరసలోనే రాగిసంగటి, నాటుకోడి పులుసు, ఊరిబిండి. చిత్తూరులో ఈ జోరు ఇంకా ఇంత లేదు గానీ అక్కడికీ దావ పడింది.

దీని గురించి మన దగ్గర మూడు మాటలు వినిపిస్తాయి. పెద్దోళ్లేమో "ఇంట్లో ఇడ్లీ పెట్టుకోని, దానికి పదింతలు పోసి అదే తినొస్తారంట" అంటారు. పిల్లలేమో "మా డబ్బులు, మా ఇష్టం" అంటారు. అమ్మేవాళ్ల మాట అన్నిటికంటే తియ్యగా ఉంటుంది: "మన మూలాలకు మనం తిరిగొస్తున్నాం." ఈ మూడు మాటల్లోనూ తిండి ఉంది, డబ్బుంది, సంస్కృతి ఉంది. లేనిది ఒక్కటే. ఆదివారం. బ్రంచ్ అంటే పొద్దు తిండికీ మధ్యాహ్నం తిండికీ నడుమ తినేది అని అందరికీ తెలుసు. అట్లా తినాలంటే పొద్దున పని ఉండకూడదు. ఆ పని లేకపోవడం ఎవరికి దొరికింది, ఎవరికి దొరకలేదు అనేది అడగకుండా బ్రంచ్ మీద ఎంత మాట్లాడినా అది మెనూ చదవడమే అవుతుంది.

ముందు వెక్కిరించేవాళ్లతో తేల్చుకుందాం. తిరుపతి హోటలు అంటే ఏంది? గబగబా తిని లేచిపోయే చోటు. బస్టాండు ఎదురుగానో, స్టేషను ఎదురుగానో, దర్శనానికి టైమైపోతున్నవాళ్ల కోసం పెట్టింది. వీపు వెనక ఒకాయన నిలబడి మన చివరి ముద్ద ఎప్పుడవుతుందా అని చూస్తుంటాడు. ఊరూరా నుంచి వచ్చేవాళ్లకు అన్నం పెట్టి బతికే ఊరు ఇది. కొండ మీద 1985లో మొదలైన నిత్యాన్నదానంలో ఎవరు ఏ ఊరోళ్లని అడక్కుండా పంక్తిలో కూర్చోబెట్టి పెడతారు, అది గొప్ప సంగతి. అయితే ఆ పంక్తి కూడా అయిపోగానే లెయ్యాల్సిందే, తర్వాతి పంక్తి వాకిట్లో ఉంటుంది. మరి ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన ఆడపిల్ల స్నేహితురాలితో రెండు గంటలు కూర్చోని మాట్లాడుకోవాలంటే ఎక్కడికి పోవాలి? టీ అంగడి మగోళ్లది. పార్కులో కూర్చుంటే ఎవరో ఒకరు వచ్చి ఏ ఊరు, ఎవరమ్మాయివి అని అడుగుతారు. ఇంట్లో కూర్చుంటే వంటింట్లోంచి పిలుపు. ఆ పిల్ల మూడొందలు పోసి దోసె కొంటోంది అనుకుంటే పొరపాటు. ఆమె కొంటున్నది కుర్చీని. ఎవరూ లెయ్యమనని కుర్చీ ఈ ఊళ్లో ఆమెకు ఇంకెక్కడా దొరకలేదు.

హోటల్లో కుర్చీ అనేది చిన్న విషయమైతే మన రాజ్యాంగం దాని ఊసెత్తేదే కాదు. 15వ అధికరణం రెండో క్లాజు తీసి చూడండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాలతో ఎవర్నీ అడ్డగించకూడని చోట్ల జాబితా ఒకటి ఉంటుంది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అందులో రెండో వరసలో వస్తాయి. మొదటి వరసలో వచ్చేవి అంగళ్లు, పబ్లిక్ రెస్టారెంట్లు, హోటళ్లు. రెండు గ్లాసుల టీ అంగళ్లు చూసిన దేశం కాబట్టి, హోటలు గడప దాటడం ఎంత పెద్ద పనో అది రాసినవాళ్లకు తెలుసు. "మా కాలంలో ఇవన్నీ లేవు" అనే పెద్దమనిషి, ఆ కాలంలో ఏ హోటల్లో ఎవరు ఎక్కడ కూర్చునేవాళ్లో కూడా గుర్తు చేసుకుంటే బాగుంటుంది. కాబట్టి బ్రంచ్‌కు పోయే పిల్లల మీద నాకే పేచీ లేదు. కూర్చోండి. రెండు గంటలు కాదు, మూడు గంటలు కూర్చోండి.

పేచీ వేరేచోట ఉంది. బ్రంచ్ అనే మాటకు వయసు పెద్దగా లేదు. 1895లో ఇంగ్లండులో గై బెరింజర్ అనే ఆయన ఒక పత్రికలో వ్యాసం రాశాడు. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా తాగి తిరిగినవాళ్లను ఆదివారం పొద్దున్నే లేపొద్దనీ, గుడి నుంచి వచ్చాక తినే బరువైన భోజనానికి బదులు నింపాదిగా లేచి తేలిగ్గా ఏదో తింటూ కబుర్లు చెప్పుకోవచ్చనీ ఆయన మొర. అంటే మొదట్నుంచీ అది సెలవు ఉన్నవాళ్ల తిండే. దానికి సరిగ్గా ఐదేళ్ల ముందు, 1890 జూన్‌లో, బొంబాయి మిల్లు కార్మికులు ఆదివారం సెలవు సాధించుకున్నారు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన 1884లో మిల్లు కార్మికులకు సంఘం పెట్టి, అర్జీల మీద అర్జీలు పెట్టి, సభల మీద సభలు పెట్టి, అన్నేళ్లు కొట్లాడితే వచ్చింది ఆ సెలవు. ఈరోజు మనం వీకెండ్ అని ముద్దుగా పిలుచుకునేదానికి మన దేశంలో తాతలు ఆ మిల్లు కూలీలు. బెరింజర్ ఆదివారం ఏం తినాలో చెప్పాడు. లోఖండే ఆదివారాన్ని తెచ్చిపెట్టాడు. మన మెనూలకు మొదటాయన అందాడు గానీ రెండో ఆయన అందలేదు.

ఇప్పుడు ఆ మెనూలో ఉన్న సంగటి దగ్గరికి వద్దాం. మా చిత్తూరు పక్క పొద్దెక్కినాక, మధ్యాహ్నానికి ముందర తినే తిండి ఒకటి ఎప్పట్నుంచో ఉంది. దాని పేరు సద్ది. రాత్రి మిగిలిన సంగటి ముద్దను నీళ్లల్లో వేసి పెడితే పొద్దుటికి పులుస్తుంది. మజ్జిగ పోసి పిసికి, ఎర్రగడ్డా పచ్చిమిరక్కాయా కొరుక్కుంటూ, ఉంటే ఇంత ఊరిబిండి నంజుకుంటూ తాగేది. చీకటితో లేచి మడి దున్నినోడికీ, కలుపు తీసిన ఆమెకూ ఆ టైముకు కడుపులో ఏదో ఒకటి పడాల. ఇంటి దగ్గర్నించి సద్ది వచ్చేది, గట్టు మీదనో చెట్టు కిందనో తినేవాళ్లు, మళ్లీ వంగేవాళ్లు. టైము చూస్తే బ్రంచ్ టైమే. పని చూస్తే మాత్రం పూర్తిగా తిరగబడింది. సద్ది తినేది పని నడుమ. బ్రంచ్ తినేది పని లేనప్పుడు. మొదటిదాన్ని తీసుకొచ్చి రెండోదాని పళ్లెంలో పెట్టి, దాంట్లోంచి పనిని మాత్రం తీసేసి, దానికి 'మూలాలు' అని పేరు పెట్టారు.

ఆ మూలాలు ఎట్లా తెగాయో కూడా మెనూ చెప్పదు. ఈ ప్రాంతంలో వరన్నం పండగ తిండి. రోజూ తినేది సంగటి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. పండగనాటి బువ్వ రోజూ వాకిట్లోకి వచ్చింది. దాన్ని తప్పుబట్టే హక్కు కడుపు నిండినవాడికి లేదు. తరతరాలుగా సంగటి తిన్నవాళ్లు బియ్యం చూసి సంతోషపడ్డారు, అది వాళ్లకు దక్కిన మర్యాద కూడా. ఇంకోపక్క చేలన్నీ చెనిక్కాయలకు తిరిగాయి. రాగులు, సజ్జలు, కొర్రలు గట్ల మీదికీ తర్వాత జ్ఞాపకంలోకీ జరిగాయి. ఆ జరిగే కాలంలో సంగటి తినడం బీదతనానికి గుర్తు. బడికి క్యారియర్లో సంగటి తెచ్చుకున్న పిల్లోడు మూత సగమే తీసేవాడు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరం అని ప్రకటించేసరికి అదే సంగటి మిల్లెట్ అయింది, షుగర్‌కు మంచిదయింది, ఫొటోకు పనికొచ్చేదయింది. మంచిదే. తిండికి పోయిన గౌరవం తిరిగి రావడం మంచిదే. అయితే ఆ గౌరవం తిండికి మాత్రమే వచ్చింది. మూత సగమే తీసిన పిల్లోడి ఇంటికి వచ్చిందా అనేది చూడాల.

సంగటి చెయ్యడం చూసినవాళ్లకు అర్థమవుతుంది. నూకలు ఉడుకుతుండగా రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి, పిండి ఆవిరికి మగ్గినాక కట్టె తెడ్డు పెట్టి కెలకాల. గెడ్డలు కట్టకూడదు. సట్టిని రెండు కాళ్ల నడుమ అదిమిపెట్టుకోని, నడుం వంచి, భుజాల బలమంతా పెట్టి కెలకాల. పదిమందికి చేసేది మగోడికైనా చెమటలు పట్టే పని, చేసింది మాత్రం ఆడోళ్లే. చలికాలంలో వచ్చే పితికిపప్పు చూడండి. అనపకాయలు వలిచి, గింజలు రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనూ రెండేళ్ల మధ్య పెట్టి పితికితే తోలు ఊడి పప్పు బయట పడుతుంది. ఒక ఇంటికి సరిపడా పులుసు పెట్టాలంటే వేలు మొద్దుబారేదాకా పితకాల. చిత్తూరోళ్లు పితికిపప్పు అంటే ఎందుకు చచ్చిపోతారో తినేవాళ్లను అడిగితే చెప్తారు. పితికినవాళ్లను అడిగితే ఇంకోటి చెప్తారు. మెనూలో ఆ పప్పు పక్కన 'అమ్మచేతి వంట' అని రాస్తారే, ఆ మాటను ఒకసారి నిదానంగా చదవండి. అమ్మచేతి వంట అంటే అమ్మకు ఏనాడూ ఆదివారం లేదని అర్థం. అందరికీ సెలవైన రోజే ఆమెకు కోడి కోసి, మసాలా నూరి, సంగటి కెలికే రోజు. ఆమెకు దొరకని సెలవును మనం ఆమె పేరు మీదే కొనుక్కుంటున్నాం.

పళ్లెంలోంచి చేనుకు పోదాం. 2025 వేసవిలో చిత్తూరు జిల్లా తోతాపురి మామిడి రైతులకు ఏం జరిగిందో ఇక్కడి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గుజ్జు ఫ్యాక్టరీల ముందర కాయల ట్రాక్టర్లు వరసలు కట్టి నిలబడ్డాయి. కిలోకు 12 రూపాయలు దక్కేటట్టు, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 ఇస్తాయని ధర కట్టారు. ఆ ఎనిమిదీ కూడా అందడం లేదని రైతులు రోడ్డెక్కారు. అదే ఎండల్లో, అదే జిల్లాల్లో, మామిడి స్మూతీలు కూడా అమ్ముడుపోయాయి. ఒక గ్లాసు ధరకు ఎన్ని కిలోల కాయ వస్తుందో నేను చెప్పను. బిల్లు మీ ఫోన్లోనే ఉంటుంది, 12తో భాగించి చూసుకోండి. రెస్టారెంటుకు అద్దె ఉంది, కరెంటు ఉంది, జీఎస్టీ ఉంది, ఆ లెక్కలు నాకూ తెలుసు. గ్లాసు ధర తగ్గించమని నేనడగడం లేదు. 'నేరుగా రైతు నుంచి' అని గోడ మీద రాసుకున్న చోట, రైతుకు ఎంత ఇచ్చారో కూడా ఆ గోడ మీదే రాయమంటున్నా. గోడలో చోటు చాలానే ఉంది.

ఇక ఆ పళ్లెం తెచ్చి మన ముందర పెట్టినవాడు. చాలాచోట్ల ఆ పిల్లోడు ఒడిశా నుంచో, బెంగాల్ నుంచో, అస్సాం నుంచో వచ్చినవాడు. మన 'సీమ రుచి'ని లోపల కెలుకుతున్నదీ, బయట వడ్డిస్తున్నదీ సీమవాళ్లు కాకపోవడంలో తప్పేమీ లేదు. మనవాళ్లు బెంగళూరులో, దుబాయిలో చేస్తున్నదీ అదే. మూలాలు, మట్టి, అమ్మ అని కథ చెప్తూ ఆ కథలో ఈ పిల్లోణ్ని లేకుండా చెయ్యడం మాత్రం తప్పు. ఆదివారం అతనికి వారంలోకెల్లా బరువైన రోజు. పొద్దున టిఫిను, ఆ వెంటనే బ్రంచ్, దాని మీదనే లంచ్, సాయంత్రం బర్త్‌డే పార్టీలు. పొద్దు తిండికీ మధ్యాహ్నం తిండికీ నడుమ మనం తెరిచిన ఆ ఖాళీ, ఇంతకుముందు అతను కాస్త కూర్చునే టైము. టిఫిన్ జనం పోయి భోజనం జనం వచ్చేలోపల సర్వర్లు తినే టైము. బ్రంచ్ వచ్చి దాన్ని కూడా మింగేసింది.

దీనికి చట్టం లేదా అంటే ఉంది, అదీ ఇప్పటిది కాదు. 1942లో, ఇంకా తెల్లోళ్ల పాలన ఉన్నప్పుడే, వారపు సెలవుల చట్టం అని ఒకటి వచ్చింది. అది పేరు పెట్టి చెప్పిన చోట్లు మూడు: దుకాణాలు, రెస్టారెంట్లు, థియేటర్లు. అక్కడ పనిచేసేవాళ్లకు వారానికి ఒక పూర్తి రోజు సెలవు, దానికి జీతం కొయ్యకూడదు. తర్వాత మన రాష్ట్రానికి 1988 నాటి షాపుల చట్టం వచ్చింది, అందులోనూ వారానికో రోజు సెలవుంది. కాగితం మీద ఎనభై ఏళ్లుగా ఉన్న హక్కు ఇది. దారి మాత్రం ఇంకో వైపుకు పోతోంది: 2025లో మన రాష్ట్రం ఫ్యాక్టరీల్లో రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10కి పెంచింది. లోఖండే కాలంలో వెనక్కు నెట్టిన గంటలు మెల్లమెల్లగా ముందుకు జరిగి వస్తున్నాయి. ఈ వార్త ఒక ఆదివారం బ్రంచ్ టేబుల్ మీద ఐదు నిమిషాలైనా చర్చకు వచ్చి ఉంటే నాకు సంతోషం.

ఇక్కడ రెండు జవాబులు వస్తాయని తెలుసు. ఒకటి: "ఆదివారం వాళ్లు పనిచెయ్యకపోతే మనం ఎక్కడ తింటాం? బస్సు డ్రైవరూ నర్సూ కూడా పనిచేస్తున్నారు కదా." నిజమే. ఎవరో ఒకరు ఆదివారం పని చెయ్యాల్సిందే. అందుకే నేను ఆదివారమే సెలవు ఇవ్వమనడం లేదు. సోమవారం ఇవ్వండి, మంగళవారం ఇవ్వండి, ఇవ్వాల్సిన ఒక రోజు ఇవ్వండి. రెండోది: "మేం టిప్పు బాగానే ఇస్తాం." టిప్పు మీ మంచితనం. సెలవు అతని హక్కు. యాభై రూపాయల నోటుతో ఒక పగటి నిద్ర రాదు. పైగా టిప్పు ఇచ్చి లేచేటప్పుడు మన మనసు తేలికవుతుంది చూడండి, ఆ తేలికతనమే ప్రమాదం. అడగాల్సిన మాట అక్కడే మర్చిపోతాం.

ఈ పత్రిక చదివేవాళ్లతో ఇంకో మాట ఉంది, ఎందుకంటే ఈ కథను అందంగా చెప్పిపెట్టింది మనమే. గత పదేళ్లలో తెలుగులో తిండి మీద వచ్చిన రాతలు చూడండి. జొన్నరొట్టె మీద వ్యాసం, ఉగ్గాని మీద పోస్టు, నాయనమ్మ ఊరిబిండి మీద కవిత. అన్నింట్లోనూ రుచి ఉంటుంది, పొయ్యి వాసన ఉంటుంది, నాయనమ్మ ముడతల చెయ్యి ఉంటుంది. ఆ చేతికి నొప్పి ఉండదు. ఇదే నేల మీద, తిరుపతి పక్క మిట్టూరులో పుట్టిన నామిని 'పచ్చనాకు సాక్షిగా' రాశాడు. అందులో తిండి వచ్చినప్పుడల్లా దాని వెనక అమ్మ చాకిరీ వస్తుంది, ఇంట్లో కరువు వస్తుంది. నోరూరించడం కోసం ఒక్క ముద్ద కూడా రాయలేదు ఆయన. మనం ఆయన యాసను తెచ్చుకున్నాం గానీ ఆ లెక్కను తెచ్చుకోలేదు. మెనూలు రాసేవాళ్లకు మట్టివాసన మాటలు ఆకాశంలోంచి ఊడిపడలేదు. మన వ్యాసాల్లోంచి, మన కవితల్లోంచి తీసుకున్నారు. రాసినవాళ్లం మనమైతే, పనిని మళ్లీ అందులోకి తేవాల్సిందీ మనమే.

అట్లాగని బ్రంచ్ మానేయమని నేను చెప్పను. మానేస్తే పోయేది ఆ ఆడపిల్ల కుర్చీ, ఆ సర్వరు ఉద్యోగం. పెద్దోళ్ల వెక్కిరింపు గెలుస్తుంది, అంతే. చెయ్యాల్సింది ఆ ఆదివారాన్ని ఇంకొందరి దాకా సాగదీయడం. మొదటి పని ఇంట్లోనే. వచ్చేవారం పోయేటప్పుడు ఇంట్లో వంట చేసేవాళ్లను తీసుకుపొండి. అమ్మ కావచ్చు, వదిన కావచ్చు, పనికొచ్చే ఆమె కావచ్చు. "అంత డబ్బా, ఇంట్లో చేసుకుంటే పోదా" అంటుంది. ఆ మాట వినొద్దు. ఆమె చెయ్యని సంగటిని ఆమె కూర్చోని తింటే, ఉప్పు జాస్తయిందని పేరు పెడుతూ తింటే, బ్రంచ్ అనేదానికి ఈ ఊళ్లో మొదటిసారి సరైన అర్థం వస్తుంది.

రెండో పని రెస్టారెంట్లోనే. మెనూలో ఏది స్పెషల్ అని అడుగుతాం కదా, దాంతోపాటు ఇంకొకటి అడగండి: "నీకు వారంలో సెలవు ఏ రోజు?" మేనేజరు పక్కన నిలబడి ఉన్నప్పుడు అడగొద్దు, పిల్లోడికి ఇబ్బంది. తెలుగు రాకపోతే వచ్చిన హిందీలోనే అడగండి. సోమవారం అనో బుధవారం అనో టక్కున చెప్పాడంటే ఆ చోటు మంచిదే, స్నేహితులకు చెప్పండి, ఆన్‌లైన్ రివ్యూలో సంగటి మెత్తదనం రాసే చోట ఇది కూడా రాయండి. యజమానులు చట్టం చదవకపోవచ్చు గానీ రివ్యూలు మాత్రం ఒక్కటి కూడా వదలరు. జవాబు చెప్పకుండా నవ్వి గ్లాసులో నీళ్లు పోసి వెళ్లిపోయాడంటే, ఈసారి వ్యాసం సంగటి మీద వద్దు. ఆ నవ్వు మీద రాయండి.